తేరు నడిపే తాళం

శివరాత్రి వచ్చిందంటే గడివేముల చుట్టుపక్కల ఊళ్ల జనం నంద్యాల మీదుగా మహానంది దారి పడతారు. ఫాల్గుణం వస్తే ఆళ్లగడ్డ దాటి అహోబిలం. ఓపికున్నవాళ్లు నల్లమల దాటి శ్రీశైలం. ఏ తిరునాళ్లకు వెళ్లినా పిల్లల్ని భుజాల మీదికెత్తుకుని చూపించేది మాత్రం ఒకటే... తేరు కదిలే క్షణం!

అప్పుడు అందరి చూపూ పైనున్న కలశం మీదే ఉంటుంది. మోకు పట్టుకునే వీలు దొరికినవాళ్లు పట్టుకుంటారు. దొరకనివాళ్లు ఓ అరటిపండు విసిరి దణ్నం పెట్టుకుంటారు. కింద, చక్రం పక్కన వంగి కూర్చున్న మనిషిని చూసేవాళ్లు చాలా తక్కువ. అతని చేతిలో వాలుగా చెక్కిన ఒక చెక్క మొద్దు ఉంటుంది. అది తీస్తే తేరు నడుస్తుంది, పెడితే ఆగుతుంది. వేలమంది బలానికి కళ్లెం ఆ మొద్దే.

ఒక్కసారి ఆ తేరును బండిలా చూడండి. స్టీరింగ్ లేదు. పాత రథాలకు బ్రేకూ లేదు. ఇరుసులు అటూ ఇటూ తిరగవు. ముందు లాగేవాళ్లకు వెనక ఏం జరుగుతోందో కనిపించదు. పైనున్న అర్చకులకు చక్రం కనిపించదు. చక్రం దగ్గరున్నవాడికి వీధి కనిపించదు. అయినా అంత ఎత్తు కట్టడం ఇరుకు వీధుల్లో మలుపులు తిరిగి, అరుగులకు తగలకుండా, మళ్లీ బయల్దేరిన చోటికే చేరుతుంది. ఎలా?

అక్కడ ఒక నాట్యం జరుగుతోంది కాబట్టి!

కొరియోగ్రఫీ అనే మాట సినిమాల పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. ఒకప్పుడు తెర మీద ‘నృత్య దర్శకత్వం’ అని పడేది. పాటకు స్టెప్పులు నేర్పడమే ఆ పని అనుకుంటాం. నిజానికి ఎవరు, ఎప్పుడు, ఎటు, ఎంత దూరం కదలాలి, ఎక్కడ ఆగాలి అన్నది ముందే కూర్చిపెట్టడం కొరియోగ్రఫీ. మనుషులతో పాటు కదిలే కట్టడాలకూ ఇలా నడక కూర్చడం ఇప్పుడు విదేశాల్లో ఓ ప్రత్యేక చదువు. మనదగ్గర ఆ చదువుకు పేరు లేదు, పని మాత్రం ఎప్పట్నుంచో ఉంది.

మొదట కదలిక సంగతి. ఆగి ఉన్న బరువును కదిలించడానికి ఎంత బలం కావాలో, కదిలాక నడిపించడానికి అంత అక్కర్లేదు. బురదలో దిగబడ్డ ఎడ్లబండిని తోసినవాళ్లెవరికైనా ఈ సూత్రం తెలుసు. అందుకే తేరు లాగడంలో అసలు కిటుకు బలంలో లేదు, వేళలో ఉంది. వందమంది వందసార్లుగా లాగితే అంగుళం కదలనిది ఒకే క్షణంలో లాగితే ఊగి, కిర్రుమని కదులుతుంది. ఆ ‘ఒకే క్షణం’ అందరికీ ఎలా తెలియాలి? డప్పు మోతతో, గంటతో, గోవింద నామంతో. ఒక గొంతు ఎత్తుకుంటుంది. వెయ్యి గొంతులు బదులిస్తాయి. బదులిచ్చేటప్పుడు ఊపిరి బయటికి వస్తుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, మోకు బిగుస్తుంది. వల లాగే జాలర్లు ‘హైలెస్సా’ అనేదీ ఇందుకే. భక్తి ఎటూ ఉంది. దాంతో పాటు అది తాళం కూడా.

పూరీ రథయాత్రలో ఈ తాళం వేయడానికి ప్రత్యేకంగా ఒక సేవకుడే ఉండేవాడు. అతన్ని డాహుక అంటారు. చేతిలో కర్ర పట్టుకుని రథం మీద నిలబడి, లాగేవాళ్లను ఉత్సాహపరిచే మాటలు చదివేవాడు. ఆ మాటలు మర్యాదస్తులు చెవులు మూసుకునేంత మోటుగా ఉండేవట! రానురాను వాటికి కత్తెర పడింది. ఎండలో మోకు లాగే జనానికి ఒక్కసారి నవ్వొస్తే ఎంత బలం వస్తుందో ఆ పాతకాలపువాళ్లకు తెలిసినట్టుంది. అక్కడ జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. ఏటా కొత్తగా చేస్తారు. ఆ రథాలను చూసి బెదిరిన తెల్లవాళ్లు, అడ్డొచ్చినదాన్నల్లా తొక్కుకుంటూ పోయేదానికి ‘జగ్గర్‌నాట్’ అని పేరు పెట్టుకున్నారు. జగన్నాథుడి పేరు అలా ఇంగ్లిషు నిఘంటువుకెక్కింది. వాళ్లకు చక్రం కనిపించింది కానీ చక్రం పక్కన కూర్చున్నవాడు కనిపించినట్టు లేదు.

తేరు కదలడం సగం పనే. కదిలాక ఆపడం ఇంకా కష్టం. మొద్దును చక్రానికి అడ్డంగా గోడలా పెడితే చక్రం దాన్ని నలిపి ఎగరగొడుతుంది. అందుకే వాలుగా చెక్కుతారు. చక్రం ఆ వాలు ఎక్కబోయి, తన బరువుతో తానే ఆగిపోతుంది. మలుపు దగ్గర ఇంకో ఉపాయం. కుడివైపు తిరగాలంటే కుడి చక్రానికి మొద్దు వేస్తారు. అది వెనకబడుతుంది, ఎడమ చక్రం ముందుకు నడుస్తుంది, తేరు కొంచెం కుడికి ముఖం తిప్పుతుంది. మళ్లీ మొద్దు తీయడం, మళ్లీ వేయడం. ఇలా ఒక్క మలుపుకు ఎన్నిసార్లో! మోకులు పట్టుకున్నవాళ్లు కూడా అదే సమయంలో వీధి ఆ పక్కకు జరిగి లాగాలి. మొద్దు పెట్టిన చేయి చక్రం కన్నా ముందే వెనక్కి రావాలి. ఈ పని చేసేవాళ్లు కుటుంబాలుగా నేర్చుకుంటూ వస్తారు. పుస్తకం లేదు, కొలతలు లేవు. తండ్రి పక్కన నిలబడి చూసిన పిల్లాడికి ఏదో ఒక ఏడు మొద్దు చేతికొస్తుంది.

కదిరి లక్ష్మీనరసింహస్వామి తేరును చూసినవాళ్లకు ఇదంతా కళ్ల ముందు మెదులుతుంది. అక్కడ భక్తులు రథం మీదికి దవనం, మిరియాలు చల్లుతారు. కింద పడ్డ మిరియాలను ప్రసాదంగా ఏరుకోవడానికి జనం వంగుతుంటే, ఆ పక్కనే చక్రం. భయం వేయకమానదు. అక్కడ ఎవరు ఎంత దూరంలో ఉండాలో చక్రం దగ్గరి మనుషులు అరుస్తూనే ఉంటారు.

తెలుగునేల మీద నాట్యానికీ, ఇలాంటి బరువైన కదలికలకూ పాత చుట్టరికం ఉంది. కాకతీయ గణపతిదేవుడి కొలువులో జాయప అనే సేనాని ఉండేవాడు. గజసాహిణి... అంటే ఏనుగుల దళానికి అధిపతి. ఆయన 1253-54 ప్రాంతంలో రాసిన పుస్తకం యుద్ధం మీద కాదు, నాట్యం మీద. పేరు ‘నృత్తరత్నావళి’. శాస్త్రీయ పద్ధతితో పాటు పల్లెల్లో జనం ఆడే దేశి నృత్యాలను అంత శ్రద్ధగా నమోదు చేసిన గ్రంథాలు అరుదు. నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆధారమైందీ ఇదే. ఏనుగుల్ని వరసలో నడిపించడం తెలిసిన మనిషి అడుగుల లెక్క రాశాడంటే ఆశ్చర్యమేముంది!

కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి ముందుకు సాగుతుంది. పళ్లెం తనంతట తాను కదలదు. పాదమూ స్వేచ్ఛగా కదలలేదు. రెండూ ఒకదాన్నొకటి ఒప్పించుకుని నడవాలి. తేరుదీ అదే కథ. కాకపోతే అక్కడ పాదాలు వేలల్లో ఉంటాయి.

శ్రీరంగంలో ఇంకా తమాషా. అక్కడ నంపెరుమాళ్‌ను ఊరేగించే బోయీలకు నడకలే వేరువేరుగా ఉన్నాయి. సింహగతి అంటే సింహం అడుగు. గజగతి అంటే ఏనుగు ఊపు. సర్పగతి అంటే పాము మెలిక. పల్లకిలోని విగ్రహం కదలదు, మోసేవాళ్లు కదులుతారు. చూసేవాళ్లకు మాత్రం స్వామే సింహంలా బయటికి వచ్చినట్టుంటుంది. మోసేవాళ్ల భుజాలు, మోకాళ్లు ఒకే లెక్కలో వంగితేనే ఆ బొమ్మ కడుతుంది. ఒక్కరి అడుగు తప్పినా అది ఉత్త మోత!

ఈ విద్యను పల్లెలు మొత్తంగా పంచుకున్న చోటు కోనసీమ. కనుమ రోజున అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు వస్తాయి. ఏకాదశ రుద్రులకు గుర్తుగా. వెదురు, చెక్కలతో కట్టి, రంగుల నూలుతో, బట్టలతో, గంటలతో అలంకరించిన నిలువెత్తు గోపురాలవి. రిపబ్లిక్ డే పరేడ్‌లో 2023లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. అయితే ఢిల్లీలో శకటం చదునైన రోడ్డు మీద, ఇంజిన్ మీద నడిచింది. కోనసీమలో ప్రభలకు చక్రాలే ఉండవు. భుజాలే చక్రాలు!

దారి కూడా మామూలుది కాదు. పచ్చని వరిచేల మధ్య నుంచి, గట్ల మీది నుంచి, కొబ్బరితోటల్లోంచి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటాలి. నీళ్లలో ఛాతీ దాకా దిగిన కుర్రాళ్లు ప్రభను తలకన్నా ఎత్తులో పట్టుకుని అవతలి గట్టుకు చేరుస్తారు. నీళ్లలో కాలు ఎక్కడ పడుతుందో కనిపించదు. ముందువాడు గుంటలో దిగితే ప్రభ అటు వాలుతుంది. వెంటనే వెనకవాడు మోకాలు వంచాలి, పక్కవాడు మెడ తిప్పకుండా భుజం ఎత్తాలి. తాళ్లు పట్టుకున్నవాళ్లు వాలుకు ఎదురువైపు బిగించాలి. ఇన్ని పనులూ ఎవరో చెప్పేలోపే జరిగిపోవాలి. ‘అశ్శరభ... శరభ’ అని ఒక్కటే కేక. ఆ కేకలోనే ఎత్తూ ఉంది, దింపూ ఉంది. ఎత్తు ఎక్కువయ్యే కొద్దీ కొనలో ఊగు పెరుగుతుంది. కింద అంగుళం తేడా పైన అడుగవుతుంది. దాన్ని కింద ఉన్నవాళ్లు చూడలేరు. భుజం మీది బరువు మారడాన్ని బట్టే గ్రహించాలి.

చేలో నాట్లు తొక్కుడు పడినా రైతులు ఏమీ అనుకోరు. ప్రభ నడిచిన చేను పండుతుందని నమ్మకం. నిజానికి ఆ నమ్మకమే లేకపోతే ఈ దారి ఎప్పుడో మూసుకుపోయేది.

తోటలోకి చేరాక మరో ముచ్చట. వ్యాఘ్రేశ్వరం ప్రభ అక్కడ పెద్దరికం వహిస్తుంది. వేరే ఊరి ప్రభ వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి పైకి లేపుతారు. అంటే, వచ్చిన చుట్టానికి లేచి నిలబడి నమస్కారం పెట్టినట్టన్నమాట. వెదురు గోపురం చేత మర్యాద చేయించడం! ఏ నృత్య దర్శకుడికి తట్టిందో ఈ ఆలోచన, పేరు ఎక్కడా లేదు.

విజయనగరం సిరిమానుది వేరే పద్ధతి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ పండగ. పొడవాటి చింతమాను కొనలో పూజారి కూర్చుంటాడు. ఆ మాను ఇరుసుమాను మీద తూగుతూ, బండి మీద గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఈ వరస తప్పకూడదు. దాన్ని ఆచారం అంటారు. కానీ కాస్త ఆలోచిస్తే, ఇన్ని బృందాలు ముందు వరసగా నడవడం వల్ల కిక్కిరిసిన జనంలో సిరిమానుకు దారి దానంతట అదే తెరుచుకుంటుంది. పోలీసు లాఠీ చేసే పనిని బెస్తవారి వల మర్యాదగా చేస్తుంది.

ఇక బయటి దేశాల సంగతి. అమెరికాలో మెర్స్ కనింగ్‌హామ్ అనే నృత్య దర్శకుడు 1968లో ‘రెయిన్‌ఫారెస్ట్’ అనే నృత్యం చేశాడు. వేదిక మీద చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన వెండిరంగు దిళ్లు గాల్లో తేలుతుంటాయి. లోపల హీలియం వాయువు. నర్తకుల కాలు తగిలితే అవి ఎటో వెళ్తాయి. ఎటు వెళ్తాయో ఎవరికీ తెలియదు. నర్తకులు ఆ దిళ్లను బట్టి సర్దుకోవాలి. తైవాన్‌కు చెందిన హువాంగ్ యి కుకా అనే కర్మాగారపు రోబో చేయితో కలిసి నాట్యమాడాడు. ఆ రోబోకు ఒక్క నిమిషం కదలిక నేర్పడానికి దాదాపు పది గంటలు పట్టేదట. రోబో తనంతట తాను ఆగదు. మనిషి అడుగు తప్పితే దెబ్బ మనిషికే. అందుకే అతను రోబో లెక్కను ఒంటికి పట్టించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో, గోదాముల్లో మనుషుల మధ్య తిరిగే యంత్రాలు తయారుచేసేవాళ్లు నర్తకుల్ని పిలిచి సలహా అడుగుతున్నారు. యంత్రం ఎటు తిరగబోతోందో పక్కనున్న మనిషికి ముందే ఎలా తెలియాలి? ఎంత దగ్గరికొస్తే భయం వేస్తుంది? తేరు పక్కన మొద్దు పట్టుకున్న మనిషి ఏళ్ల తరబడి జవాబు చెబుతున్న ప్రశ్నలే ఇవి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో ఈ మధ్యకాలంలో చాలాసార్లు చూశాం.

హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు. రథాన్ని లాగుతున్న వాహనం ఆగిపోయింది. కుర్రాళ్లు చేతుల మీద లాగడం మొదలుపెట్టారు. రథానికి కరెంటు తగిలింది. అయిదుగురు చనిపోయారు. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో తమిళనాడు తంజావూరు దగ్గర కలిమేడులో తేరు హైటెన్షన్ తీగకు తగిలి పదకొండు మంది పోయారు. మన పక్కనే, కర్నూలు జిల్లా చిన్నటేకూరులో 2024 ఉగాది ఉత్సవాల్లో రథానికి కరెంటు తీగ తగిలి పదిమందికి పైగా పిల్లలు గాయపడ్డారు.

ఈ మూడింట్లోనూ చక్రం చేసిన తప్పు లేదు. పైన చూసేవాడు లేడు. పాత తేరు నడక కూర్చినప్పుడు వీధి మీద తీగ లేదు. కాబట్టి ఆ నాట్యంలో ‘పైన చూడటం’ అనే పాత్ర లేదు. తీగలు వచ్చాయి, పాత్ర మాత్రం రాలేదు. పెద్ద గుళ్లలో రథోత్సవం వేళ కరెంటు ఆపుతారు. వీధి కుర్రాళ్లు చందాలు వేసుకుని చేసే ఊరేగింపుల్లో అది ఎవరి పని? రామంతాపూర్ సంగతే చూడండి. వాహనం లాగినంతసేపూ ఒక లెక్క. అది ఆగి, మనుషులు పట్టుకోగానే ఇంకో లెక్క. చేయి వేసిన ప్రతివాడూ తీగకూ నేలకూ మధ్య వంతెన అయిపోయాడు. అలా మారే క్షణంలో ‘ఆగండి’ అనే గొంతు ఒక్కటి ఉండి ఉంటే!

మోకుల చోట ట్రాక్టరో జేసీబీయో పెడితే గొడవ వదిలిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. తమిళనాడులో కొన్ని పెద్ద తేర్లకు తిరుచ్చి భెల్ వాళ్లు ఇనుప చక్రాలు, హైడ్రాలిక్ బ్రేకులు అమర్చారు. తిరువారూరు ఆళిత్తేరు అలాంటిదే. అది మేలే. బ్రేకు ఉంటే మొద్దు పట్టుకునేవాడి వేళ్లు దక్కుతాయి. కానీ తిరువారూరులో బ్రేకులు పెట్టాక కూడా మోకులు తీసేయలేదు, మొద్దులు వేసే మనుషుల్నీ పంపేయలేదు. ఇంజినీరు బ్రేకు ఇచ్చాడు, నడక పాతవాళ్లదే. ఆ పొత్తు బాగుంది. ఇంజిన్ ఒక్కటే లాగితే మాత్రం జనం ఎక్కడ నిలబడాలో చెప్పే తాళం పోతుంది. డీజిల్ ఇంజిన్ గోవింద నామానికి ఆగదు.

మన అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో రథం కాలిపోయింది. 2021 ఫిబ్రవరికల్లా కొత్త రథం సిద్ధమైంది. చెక్కకు చెక్క దొరికింది, వడ్రంగులు దొరికారు. అదృష్టం ఏమిటంటే దాన్ని నడపడం తెలిసినవాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారు. రథాన్ని కొన్ని నెలల్లో చేయొచ్చు. చక్రం పక్కన కూర్చోవడం నేర్చిన మనిషిని అలా కాదు. అయినా ఖర్చుల పట్టీలో అతనికి రాసేది చాలాచోట్ల ఒక పంచె, ఓ కొబ్బరికాయ, కొంచెం దక్షిణ.

అహోబిలంలో కనుమనాడు చెంచులు పల్లకికి బాణం వేసి సాగనంపుతారు. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకిలో కూర్చుని పారువేటకు బయల్దేరుతారు. ఆళ్లగడ్డ ప్రాంతపు ఊళ్లన్నీ తిరుగుతూ నలభై రోజులకు పైగా గుడి బయటే. తన పెళ్లికి రమ్మని స్వామే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడని ఇక్కడివాళ్ల మాట. ఊరూరా పల్లకి దిగడానికి అరుగులు కట్టి ఉంటాయి. మోసే బోయీలు పొలాల గట్ల మీద, కంకర బాటల మీద, అడుగు తడబడకుండా నడుస్తారు. భుజం మార్చుకునేటప్పుడు పల్లకి ఊగకూడదు. ఒకడు జారుకుంటాడు, ఇంకొకడు దూరతాడు, అడుగు ఆగదు. పక్కనే నడిచే చిన్నపిల్లలు ఆ మార్పును కళ్లార్పకుండా చూస్తుంటారు. కాసేపటికి వాళ్ల కాళ్లూ అదే లెక్కలో పడతాయి.

పిలుపు పూర్తయి పల్లకి గుడికి చేరాక, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. పిలుపందుకున్న ఊళ్లన్నీ అప్పటికి తేరు దగ్గరుంటాయి.